బండి ఎప్పుడు లేస్తలేదు? కార్బొరేటర్ బండికి ఒక డీబగ్గింగ్ పాఠం

మన క్లబ్ పత్రికలో కవితలు, కథలు ఎక్కువగా వస్తాయి. ఈ సంచికకు నేను ఒక పాఠం రాస్తున్నాను. కార్బొరేటర్ ఉన్న మోటార్ సైకిల్ సరిగ్గా స్టార్ట్ కాకపోతే తప్పు ఎక్కడుందో ఎలా వెతకాలి అన్నదే విషయం. మెకానికల్ వాళ్లకు ఇందులో కొంత తెలిసిందే ఉంటుంది. కానీ వెతికే పద్ధతి మన కంప్యూటర్ సైన్స్ వాళ్లకు కూడా పనికొస్తుందని నాకు అనిపించింది.

మాది మహదేవపూర్. జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న మండలం. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే కాళేశ్వరం మా మండలంలోనే ఉంది. అక్కడ వంతెన దాటితే అవతల మహారాష్ట్రలోని సిరోంచ. మా దగ్గర మిర్చి, పత్తి చేన్లకు పోవాలన్నా, అడవి దారిలో ఊరు నుంచి ఊరికి పోవాలన్నా దిక్కు బండే. పొద్దున బండి లేవకపోతే చేను దగ్గర కూలీలు ఎదురు చూస్తూ కూర్చుంటారు. రాత్రి పూట పిల్లకు జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకుపోయేది కూడా ఆ బండే. కాబట్టి ఈ పాఠం సరదాకి రాస్తున్నది కాదు.

2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో బీఎస్ 6 నిబంధనలు వచ్చాయి. ఆ తర్వాత తయారైన మోటార్ సైకిళ్లలో చాలా వరకు కార్బొరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. వాటిలో ఒక చిన్న కంప్యూటర్ ఉంటుంది, తప్పు జరిగితే కోడ్ చూపిస్తుంది. కానీ 1985లో హీరో హోండా సీడీ 100, 1994లో స్ప్లెండర్ వచ్చినప్పటి నుంచి 2020 దాకా అమ్ముడుపోయిన వంద సీసీ బండ్లు పల్లెల్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటికి కోడ్ లేదు, స్క్రీన్ లేదు. అవి చెప్పే భాష వేరే ఉంది. అది మనమే చదువుకోవాలి.

మెకానిక్ అడిగే మొదటి ప్రశ్న

సెలవుల్లో మా ఊరి మెకానిక్ అన్న దగ్గర కూర్చుని చూసేవాణ్ణి. ఎవరైనా వచ్చి "అన్నా, బండి లేస్తలేదు" అంటే ఆయన వెంటనే పానా పట్టుకోడు. ముందు అడుగుతాడు: "ఎప్పుడు లేస్తలేదు తమ్మీ? పొద్దుగాలనా, వేడి మీదనా, వాన పడ్డంకనా?"

చాలామంది "ఏమో అన్నా, లేస్తలేదంతే" అంటారు. అప్పుడు ఆయన ఇంకో ప్రశ్న వేస్తాడు: "మరి ఎట్ల చేస్తే లేస్తుంది?"

ఈ రెండు ప్రశ్నలు మామూలుగా వినిపిస్తాయి గానీ, సగం సమాధానం వాటిలోనే ఉంది. ఎందుకు లేవట్లేదు అని నేరుగా అడిగితే ఇరవై కారణాలు ఉంటాయి. ఎప్పుడు లేవట్లేదు అని అడిగితే నాలుగైదే మిగులుతాయి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే.

బండికి కావలసినవి నాలుగే

పెట్రోల్ ఇంజన్ లేవాలంటే నాలుగు కావాలి. గాలి, పెట్రోల్ సరైన పాళ్లలో కలిసి రావాలి. ఆ మిశ్రమం గట్టిగా నొక్కబడాలి, అంటే కంప్రెషన్. దానికి నిప్పురవ్వ తగలాలి. మెకానిక్‌లు దీన్ని "కరెంటు" అంటారు, నేనూ అదే మాట వాడతాను. నాలుగోది, ఆ కరెంటు సరైన క్షణంలో రావాలి. ఈ నాలుగోది కార్బొరేటర్ బండ్లలో తనంతట తాను చెడిపోవడం అరుదు. అందుకే మొదటి మూడింటినే ఒక్కొక్కటిగా అడుగుదాం.

ముందు కార్బొరేటర్ లోపల ఏం జరుగుతుందో చూద్దాం. గాలి పోయే గొట్టం మధ్యలో కొంచెం ఇరుకుగా ఉంటుంది. ఇరుకు చోట గాలి వేగం పెరుగుతుంది, ఒత్తిడి తగ్గుతుంది. మనం ఇంటర్లో చదివిన బెర్నూలీ సూత్రమే. ఒత్తిడి తగ్గిన చోటికి కింది గిన్నెలోంచి పెట్రోల్ సన్నని రంధ్రాల గుండా పైకి వచ్చి, గాలిలో తుంపరగా కలుస్తుంది. ఇలా తుంపరగా చల్లే కార్బొరేటర్‌ను జర్మనీలో విల్హెల్మ్ మేబాక్ 1893లో తయారు చేశాడు. నూరేళ్లు దాటినా మూల సూత్రం మారలేదు.

ఆ సన్నని రంధ్రాలు ఉన్న ఇత్తడి ముక్కల్నే జెట్‌లు అంటారు. మెయిన్ జెట్ బండి వేగంగా పోయేటప్పుడు పని చేస్తుంది. పైలట్ జెట్ స్టార్టింగ్‌లో, ఐడిల్‌లో పని చేస్తుంది. కింది గిన్నెలో పెట్రోల్ మట్టం సమానంగా ఉంచడానికి ఫ్లోట్, దాని మీద ఒక నీడిల్ ఉంటాయి. మన ఇంటి వాటర్ ట్యాంకులో బంతి వాల్వ్ ఎలాగో ఇదీ అలాగే.

ఎంత పెట్రోల్ కావాలో ఒక లెక్క వేశాను. పెట్రోల్ పూర్తిగా మండాలంటే బరువులో దానికి సుమారు 14.7 రెట్ల గాలి కావాలి. వంద సీసీ ఇంజన్ ఒకసారి పూర్తిగా గాలి పీల్చితే ఆ గాలి బరువు దాదాపు 0.12 గ్రాములు. దానికి సరిపడే పెట్రోల్ 0.008 గ్రాములు, అంటే సుమారు 0.01 మిల్లీలీటర్. ఒక చుక్క 0.05 మిల్లీలీటర్ అనుకుంటే, అందులో ఐదో వంతు! కిక్కు కొట్టేటప్పుడు ఇంకా తక్కువ. ఇంత చిన్న కొలత మీద నడిచే యంత్రంలో చిన్న నలుసు కూడా పెద్ద తేడా చేస్తుంది.

పొద్దున చల్లటి ఇంజన్‌లో పెట్రోల్ అంతా ఆవిరి కాదు, కొంత గోడలకే అంటుకుని ఉండిపోతుంది. మండేది ఆవిరి మాత్రమే. అందుకే కాసేపు ఎక్కువ పెట్రోల్ ఇవ్వాలి. ఆ పని చేసేది చోక్. అది గాలి దారిని మూస్తుంది, దాంతో గొట్టంలో పీల్పు పెరిగి పెట్రోల్ ఎక్కువ వస్తుంది. ఇక్కడ చాలామంది చోక్ వేసి, యాక్సిలరేటర్ కూడా బాగా తిప్పి కిక్కు కొడతారు. యాక్సిలరేటర్ తెరిస్తే పైలట్ దారి దగ్గర పీల్పు తగ్గిపోతుంది. చల్లటి బండికి చోక్ వేసి, యాక్సిలరేటర్ వదిలేసి కొట్టడమే పద్ధతి.

పానా పట్టకముందు

ఇవి చూడటానికి ఒక నిమిషం చాలు. తాళం ఆన్‌లో ఉందా? కిల్ స్విచ్ ఉన్న బండి అయితే అది ఏ వైపు ఉంది? ట్యాంకులో పెట్రోల్ ఉందా? ట్యాంకు కింద ఉన్న కాక్ ఆన్‌లో ఉందా, రిజర్వ్‌లోనా? చోక్ లివర్ లాగితే కార్బొరేటర్ దగ్గర నిజంగా కదులుతుందా?

రిజర్వ్ గురించి ఒక మాట. ట్యాంకు లోపల ఆన్ గొట్టం కొంచెం ఎత్తులో ఉంటుంది, రిజర్వ్ రంధ్రం అడుగున ఉంటుంది. రిజర్వ్‌లో నడిపితే అడుగున పేరుకున్న తుప్పు, నీళ్లు, కచరా ముందు కార్బొరేటర్‌లోకి వస్తాయి. "రిజర్వ్‌ల పడ్డంక ఇట్లయింది" అని ఎవరైనా అంటే అది మంచి ఆధారం.

ప్లగ్గు బండికి లాగ్ ఫైల్ లాంటిది

ప్రోగ్రామ్ క్రాష్ అయితే మనం ముందు లాగ్ చూస్తాం. బండికి లాగ్ స్పార్క్ ప్లగ్గు. ఒక పది కిక్కులు కొట్టి, ప్లగ్గు విప్పి దాని మూతి చూడాలి. ఇంజన్ వేడిగా ఉంటే చల్లారే దాకా ఆగాలి.

• పొడిగా ఉంటే: పెట్రోల్ లోపలికి రావడం లేదు. పెట్రోల్ వైపు వెతకాలి.
• తడిగా, పెట్రోల్ వాసనతో ఉంటే: పెట్రోల్ వస్తోంది. కరెంటు లేకపోవచ్చు, లేదా పెట్రోల్ మరీ ఎక్కువై ఓవర్ అయి ఉండొచ్చు.
• నల్లటి పొడి మసి ఉంటే: పెట్రోల్ పాలు ఎక్కువ, గాలి తక్కువ. ఎయిర్ ఫిల్టర్, చోక్ చూడాలి.
• నల్లగా, జిడ్డుగా ఉంటే: ఇంజన్ ఆయిల్ పైకి వస్తోంది.
• లేత గోధుమ రంగులో ఉంటే: మండటం బాగానే ఉంది.
• తెల్లగా ఉంటే: పెట్రోల్ తక్కువ, లేదా ఎక్కడో గాలి లీకు.

ఒక్క ప్లగ్గు తీస్తే వెతకాల్సిన చోటు సగానికి తగ్గింది. మనం బైనరీ సెర్చ్‌లో చేసేది ఇదే. ట్యాంకు నుంచి సైలెన్సర్ దాకా వరసగా అన్నీ విప్పుకుంటూ పోవడం లీనియర్ సెర్చ్, అది ఖర్చు ఎక్కువ.

కరెంటు వైపు

విప్పిన ప్లగ్గును క్యాప్‌లోనే ఉంచి, దాని ఇనుప భాగం ఇంజన్ హెడ్‌కు ఆనేలా పెట్టి కిక్కు కొట్టాలి. ప్లగ్గు రంధ్రం లోంచి పెట్రోల్ ఆవిరి బయటికి వస్తుంది, కాబట్టి ప్లగ్గును ఆ రంధ్రానికి దూరంగా పెట్టాలి. రంధ్రం మీద గుడ్డ అడ్డం పెడితే ఇంకా మంచిది. చుట్టుపక్కల పెట్రోల్ కారి ఉంటే ఈ పరీక్ష చేయకూడదు. ప్లగ్గును ఉత్త చేత్తో పట్టుకోకూడదు, వేల వోల్టులు ఉంటాయి.

నీడలో చూస్తే గట్టి నీలం రవ్వ కనిపించాలి. పసుపుగా, ఎర్రగా, వచ్చీ రానట్టు ఉంటే బలహీనం. అసలు లేకపోతే ప్లగ్గు, క్యాప్, ఇగ్నిషన్ కాయిల్, సీడీఐ, మాగ్నెట్ లోపలి పల్సర్ కాయిల్ అని ఒక్కొక్కటి వెనక్కి పోవాలి. కొన్ని బండ్లలో సీడీఐకి కరెంటు మాగ్నెట్ నుంచే వస్తుంది, వాటిలో బ్యాటరీ చచ్చినా కిక్కుతో బండి లేస్తుంది. మరికొన్నింటికి బ్యాటరీ ఉండాల్సిందే. మీది ఏ రకమో ముందే తెలుసుకోండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. బయట రవ్వ బాగా కనిపించినంత మాత్రాన లోపల కూడా బాగా వస్తుందని అనుకోలేం. ఒత్తిడి పెరిగేకొద్దీ అదే సందు దాటడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. దీన్ని 1889లో పాషెన్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రయోగాలతో చూపించాడు. సిలిండర్ లోపల గాలి నొక్కబడి ఉంటుంది కదా, బలహీనమైన కాయిల్ బయట పాసై లోపల ఫెయిల్ అవుతుంది. మన కోడ్ లోకల్‌లో నడిచి సర్వర్ మీద పడిపోయినట్టు! అందుకే అనుమానం ఉంటే, బాగా నడుస్తున్న అదే మోడల్ బండి ప్లగ్గు తెచ్చి వేసి చూడటం అన్నిటికన్నా చవకైన పరీక్ష. ప్లగ్గు సందు కూడా చూడాలి. పాత వంద సీసీ బండ్లలో చాలా వాటికి 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు ఉంటుంది, మీ బండి మాన్యువల్‌లో ఉన్నదే ప్రమాణం.

పెట్రోల్ వైపు

కార్బొరేటర్ గిన్నె అడుగున ఒక డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. చల్లటి బండి మీద, నిప్పు, సిగరెట్ ఏమీ లేని చోట, దాని కింద ఒక గాజు గ్లాసు పెట్టి స్క్రూ కొంచెం వదులు చేయాలి.

పెట్రోల్ రాకపోతే కాక్, పైపు, లేదా ఇరుక్కుపోయిన ఫ్లోట్ నీడిల్. ధారగా వస్తే గిన్నె వరకు దారి బాగుంది. గ్లాసును ఒక నిమిషం కదలకుండా ఉంచి చూడండి. పెట్రోల్ నీళ్ల కన్నా తేలిక, కాబట్టి నీళ్లుంటే అడుగున వేరే పొరలా, ముత్యాల్లా కనిపిస్తాయి. మా దగ్గర కిరాణా కొట్లలో సీసా పెట్రోల్ కొనే అలవాటు ఉంది, ఆ సీసా పూర్తిగా ఆరిందో లేదో ఎవరూ చూడరు.

ఇప్పుడు పెట్రోల్‌లో ఇథనాల్ కూడా ఉంటోంది. 2023 ఫిబ్రవరి నుంచి 20 శాతం కలిపిన ఈ20 పెట్రోల్ మన దేశంలో అమ్మకానికి వచ్చింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీళ్లు ఒక హద్దు దాటితే ఇథనాల్, నీళ్లు కలిసి అడుగున వేరే పొరగా దిగిపోతాయి. వానకాలం నెల రోజులు కదపని బండికి ఇది ఇబ్బంది. ఇంకో లెక్క కూడా ఉంది. ఇథనాల్ మండటానికి దాని బరువుకు 9 రెట్ల గాలి చాలు. ఈ20కి లెక్క వేస్తే 13.5 దగ్గరికి వస్తుంది. అంటే పాత పెట్రోల్‌కు సెట్ చేసిన జెట్‌తో మిశ్రమం కొంచెం పలచబడుతుంది, చల్లటి స్టార్టింగ్‌లో ఆ తేడా తెలియొచ్చు.

గిన్నెలో పెట్రోల్ ఉంది, అయినా ప్లగ్గు పొడిగానే ఉందంటే అనుమానం పైలట్ జెట్ మీద. దాని రంధ్రం అర మిల్లీమీటర్ కంటే సన్నం. నిలవ పెట్రోల్ ఆవిరైతే జిగురు లాంటి పొర మిగులుతుంది. ఉదాహరణకు 0.4 మిల్లీమీటర్ల రంధ్రం చుట్టూ 0.05 మిల్లీమీటర్ల పొర కట్టిందనుకోండి. వ్యాసం 0.3కు పడిపోతుంది, వైశాల్యం మాత్రం 56 శాతానికి పడిపోతుంది. కంటికి జెట్ శుభ్రంగానే కనిపిస్తుంది, సగం దారి మూసుకుపోయి ఉంటుంది.

జెట్‌ను కార్బొరేటర్ క్లీనర్ స్ప్రేతో, తర్వాత గాలితో శుభ్రం చేయాలి. పంక్చర్ షాపు గాలి పైపు చాలు. స్టీలు తీగ, సూది పెట్టకూడదు. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైపోతే ఆ కొలత మళ్లీ రాదు. ఎయిర్ స్క్రూ తిప్పాల్సి వస్తే ముందు దాన్ని మెల్లగా లోపలికి ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టి రాసుకోండి. పని కాకపోతే పాత స్థితికి తిరిగి రావచ్చు. ఇది మన బ్యాకప్.

ఎయిర్ ఫిల్టర్‌ను మర్చిపోకూడదు. మా వైపు గోదావరి ఇసుక లారీలు తిరిగే రోడ్ల మీద బండి వెనకే దుమ్ము లేస్తుంది. ఫిల్టర్ మూసుకుపోతే చోక్ ఎప్పుడూ వేసి ఉన్నట్టే. స్పాంజి రకం అయితే కడిగి ఆరబెట్టి, మాన్యువల్ చెప్పిన ఆయిల్ పట్టించి వేయాలి. కాగితం రకం అయితే మార్చాలి.

కంప్రెషన్ వైపు

కరెంటు ఉంది, పెట్రోల్ ఉంది, అయినా లేవట్లేదు. అప్పుడు కంప్రెషన్. తాళం ఆఫ్ చేసి, ప్లగ్గు తీసి, రంధ్రం మీద బొటనవేలు గట్టిగా పెట్టి ఇంకొకరితో కిక్కు కొట్టించాలి. మంచి ఇంజన్ వేలిని బలంగా తోసేస్తుంది. మెత్తగా ఉంటే గాలి ఎక్కడో పోతోంది.

ఎక్కడ పోతోంది? ప్లగ్గు రంధ్రంలోంచి ఒక చిన్న చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. ఆయిల్ పిస్టన్ రింగుల చుట్టూ చేరి సందు మూస్తుంది. కంప్రెషన్ పెరిగితే తప్పు రింగుల్లో, బోరులో. పెరగకపోతే వాల్వుల్లో. ఒక చెంచా ఆయిల్ ఇంత పెద్ద ప్రశ్నకు జవాబు చెప్తుందంటే నాకు భలే నచ్చింది.

వాల్వులకు పైన చిన్న సందు ఉండాలి. టాపెట్ క్లియరెన్స్ అంటారు, మిల్లీమీటర్‌లో పదో వంతు ఉంటే గొప్ప. సందు ఎక్కువైతే టక టక మని చప్పుడు వస్తుంది, అందరూ భయపడతారు. సందు పూర్తిగా పోతే చప్పుడు ఉండదు, బండి ఎంత నున్నగా ఉందో అనుకుంటారు. కానీ వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పోతుంది, పోగా పోగా వాల్వు కాలిపోతుంది. చప్పుడు చేసే టాపెట్ కంటే చప్పుడు చేయని టాపెట్‌తోనే ప్రమాదం ఎక్కువ.

ఎప్పుడు అన్నదానికి జవాబులు

ఇప్పుడు మెకానిక్ అన్న ప్రశ్నకు తిరిగి వద్దాం.

• పొద్దున మాత్రమే లేవదు, చోక్ వేస్తేనే నడుస్తుంది, చోక్ తీస్తే ఆగిపోతుంది: పైలట్ జెట్, లేదా కార్బొరేటర్‌కు ఇంజన్‌కు మధ్య రబ్బరు దగ్గర గాలి లీకు.
• వేడి మీద ఆపితే మళ్లీ లేవదు, చల్లారితే లేస్తుంది: కాయిల్, పల్సర్ కాయిల్ వేడికి పని మానేయడం, టాపెట్లు బిగుసుకుపోవడం, లేదా నీడిల్ లీకై ఓవర్ కావడం. ప్లగ్గు తడిగా ఉంటే చివరిది, కరెంటు లేకపోతే మొదటిది.
• కొన్ని కిలోమీటర్లు పోయి ఆగుతుంది, కాసేపాగితే నడుస్తుంది: ట్యాంకు మూత తెరిచి చూడండి. స్ మని గాలి లోపలికి పీల్చుకుంటే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. గాలి రాక పెట్రోల్ కిందికి దిగట్లేదు.
• వాన తర్వాత, కడిగిన తర్వాత: ప్లగ్గు క్యాప్‌లో తేమ, గిన్నెలో నీళ్లు.
• నెలల తరబడి నిలబెట్టిన తర్వాత: పాత పెట్రోల్, జిగురు పట్టిన జెట్.

మనవాళ్ల చిట్కాలు కూడా ఆధారాలే. బండిని పక్కకు బాగా వంచి, లేపి కిక్కు కొడితే లేస్తుందా? వంచినప్పుడు ఫ్లోట్ మట్టం మారి కొంచెం పెట్రోల్ అదనంగా గొట్టంలోకి పోతుంది. అంటే మీ చోక్ గానీ పైలట్ జెట్ గానీ చేయాల్సిన పనిని వంచడం చేస్తోంది. నూకితే లేస్తుంది, కిక్కుకు లేవదా? నూకినప్పుడు ఇంజన్ వేగంగా తిరుగుతుంది, మాగ్నెట్ ఎక్కువ కరెంటు పుట్టిస్తుంది, గాలి బయటికి కారే సమయం తక్కువ. అంటే కరెంటు గానీ కంప్రెషన్ గానీ బలహీనం. ప్లగ్గు తుడిచి వేస్తే రెండు రోజులు నడుస్తుందా? ప్లగ్గు తప్పు కాదు, దాన్ని నల్లగా చేస్తున్నది వేరే ఉంది. చిట్కా పని చేసిందని సంతోషించి వదిలేయకుండా, ఎందుకు పని చేసిందో అడిగితే అదే దారి చూపిస్తుంది.

బండి ఓవర్ అయితే, అంటే పెట్రోల్ వాసన గుప్పున వస్తుంటే, చోక్ తీసేసి, కాక్ మూసి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని పది కిక్కులు కొట్టండి. లోపల ఎక్కువైన పెట్రోల్‌ను గాలి బయటికి తీసుకుపోతుంది. ఆ తర్వాత కాక్ తెరిచి, చోక్ లేకుండా కొట్టాలి.

ఒక కేసు

మా వాడకట్టులో మిర్చి పండించే ఒక కాక బండి సంగతి ఇది. వంద సీసీ, పదేళ్లు దాటింది. పొద్దున లేస్తుంది. చేను దాకా పోయి ఆపి, మళ్లీ కొడితే లేవదు. గంట ఆగితే లేస్తుంది. ప్లగ్గు రెండుసార్లు మార్చారు, కార్బొరేటర్ కడిగించారు. ఒక షాపులో బోరు పని చేయాలన్నారు. కాక ఇంకా మిర్చి అమ్మలేదు, ఆ డబ్బుల కోసం అప్పు అడగడానికి తిరుగుతున్నాడు.

మెకానిక్ అన్న ఆయన్ని బండి వేడి మీదనే తెమ్మన్నాడు. తప్పు వేడి మీద వస్తుంది కాబట్టి చూడటం కూడా వేడి మీదనే. మనం బగ్‌ను రీప్రొడ్యూస్ చేయడం అంటాం చూడండి, అదే. గుడ్డ పట్టుకుని ప్లగ్గు తీస్తే లేత గోధుమ రంగు, కొంచెం తడి. పెట్రోల్ వస్తోంది. కరెంటు నీలంగా, గట్టిగా ఉంది. ఇక కంప్రెషన్. కిక్కు కాలి కింద మెత్తగా దిగింది. ఆయిల్ పోసి చూస్తే తేడా రాలేదు. అంటే రింగులు, బోరు కాదు.

రాత్రంతా చల్లారనిచ్చి పొద్దున టాపెట్ మూత విప్పారు. మాగ్నెట్ మీద గుర్తును చూసి, రెండు వాల్వులూ మూసి ఉండే చోట పిస్టన్‌ను నిలబెట్టారు. ఎగ్జాస్ట్ వైపు ఫీలర్ గేజ్‌లో అన్నిటికన్నా సన్నని రేకు కూడా దూరలేదు. సందే లేదు. చల్లగా ఉన్నప్పుడు ఎలాగో మూసుకుంటోంది, వేడికి వాల్వు కాడ సాగగానే తెరుచుకునే ఉండిపోతోంది. మాన్యువల్ చెప్పిన సందుకు సెట్ చేసి మూత బిగించారు. పడిన ఖర్చు కూలి మాత్రమే. కాక ఆ రోజే చేనుకు పోయి, అక్కడ బండి ఆపి, మళ్లీ స్టార్ట్ చేసుకుని ఇంటికి వచ్చాడు.

కొంచెం ఆలస్యమైతే వాల్వు కాలి పెద్ద పనే పడేది. కొంచెం తొందరపడితే అవసరం లేని బోరు పనికి అప్పు అయ్యేది. రెండింటి మధ్య తేడా చేసింది ఒక చెంచా ఆయిల్, ఒక సన్నని రేకు, ఇంకా "ఎప్పుడు లేస్తలేదు?" అన్న ప్రశ్న.

మార్చేది ఒక్కటే

చివరగా ఒక నియమం. ఒకసారికి ఒక్కటే మార్చండి. ప్లగ్గు మార్చి, జెట్ కడిగి, ఎయిర్ స్క్రూ తిప్పి, అన్నీ ఒకేసారి చేస్తే బండి లేవొచ్చు. కానీ ఏది సరి చేసిందో తెలియదు, వచ్చే నెల అదే తప్పు వస్తే మళ్లీ మొదటికే. ఏం చేశారో, ఏమైందో ఒక కాగితం మీద రాసుకోండి. సైడు డబ్బాలో ఆర్సీ పక్కన ఆ కాగితం ఉంటే మెకానిక్‌కు సగం పని తగ్గుతుంది.

బండి నెల రోజులు కదపకుండా పెట్టేటప్పుడు కాక్ మూసి, గిన్నెలోని పెట్రోల్ తీసేయండి. ప్లగ్గు పానా, ఒక మంచి ప్లగ్గు డబ్బాలో ఉంచుకోండి. ప్రతి సర్వీసులో టాపెట్ సందు చూడమని అడగండి, చప్పుడు రాకపోయినా సరే.

దసరాకు ఊరికి పోయినప్పుడు ఇంట్లో ఎవరైనా "బండి లేస్తలేదు బిడ్డా" అంటే, ఎన్నిసార్లు కిక్కు కొట్టారని అడగకండి. ఎప్పుడు లేస్తలేదో అడగండి.